జానెడు తక్కువ గొలుసు

మా తాత లాడీ కూబిచెక్ నోట మాట రాకుండా ఉండిపోవడం నేను రెండుసార్లే చూశాను. మొదటిసారి, నాయనమ్మ అరవై రెండో ఏట తనకోసం మోటారు సైకిలు కొనుక్కుని ఇంటిముందు ఆపినప్పుడు. రెండోసారి ఈ ఆగస్టులో, మా కారు షెడ్డులో, గొలుసు పక్కన.

ఆగస్టు వచ్చిందంటే తాత గొలుసుకు నూనె పెడతాడు. షెడ్డు నేలమీద పాత పేపర్లు పరిచి, వాటిమీద గొలుసును ఈ చివరినుంచి ఆ చివరికి సాగదీసి, గుడ్డముక్కతో ఒక్కో లింకూ తుడుస్తాడు. మిగతా ఇళ్ళలో మనవరాళ్ళ తలకు నూనె పెడతారు, మా ఇంట్లో గొలుసుకు పెడతారు అని నేను ఏటా అంటాను. ఆయన ఏటా విననట్టు ఊరుకుంటాడు.

ఆ రోజు షెడ్డులో నా సరుకు కూడా ఉంది. నేను పదో తరగతి మధ్యలో బడి మానేసి బాబాయితో కలిసి తివాచీలు పరిచే పని చేస్తున్నాను. చర్చి నడవకోసం పొద్దున్నే కోసి పెట్టిన తివాచీ, సరిగ్గా ముప్పై అడుగులది, షెడ్డులో ఒక పక్క పరిచి ఉంది. తాత గొలుసు దాని పక్కనే సాగింది. రెండింటి మొదళ్ళూ గోడకు ఆనుకుని ఉన్నాయి. చివరలు మాత్రం కలవలేదు.

"తాతా, నీ గొలుసు ఈ ఏడు చిక్కిపోయిందే," అన్నాను.

ఆయన తలెత్తకుండానే, "నువ్వు తివాచీ ఎక్కువ కోసుంటావు. లెక్కలు రాకే కదా బడి మానేసింది," అన్నాడు.

"లెక్కలు రాక కాదు, మాస్టారు నచ్చక. తివాచీ ముప్పై అడుగులు. కావాలంటే కొలుచుకో."

కొలిచాడు. తివాచీ ముప్పై అడుగులే. తర్వాత టేపు గొలుసు మీద పెట్టాడు. ఇరవై తొమ్మిది అడుగుల మూడంగుళాలు. టేపు మడతపడిందేమో అని దులిపి మళ్ళీ కొలిచాడు. మూడోసారి నన్ను అవతలి చివర పట్టుకోమన్నాడు. అదే లెక్క. జానెడు తక్కువ.

తాత నూనెగుడ్డ చేతిలో పట్టుకునే నేలమీద కూర్చుండిపోయాడు. కింది పెదవి వేలాడింది. ఆయనకు డెబ్భై దాటాయి కాబట్టి గుండెనొప్పేమోనని భయపడి నాయనమ్మను పిలిచాను.

ఆ జానెడు ఎందుకంత పెద్దదో చెప్పాలంటే మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. లిన్‌హార్ట్‌లో శుక్రవారం సాయంత్రమంటే బడి మైదానమే, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాలే. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకు పోతే మళ్ళీ నాలుగు ఇస్తారు. పోలేకపోతే బంతి అవతలివాళ్ళ పరం. ఆ పది గజాలు అయ్యాయో లేదో తేల్చేది రెండు కర్రల మధ్య కట్టిన గొలుసు. వెనక కర్ర ఎవరైనా పట్టుకోవచ్చు. ముందు కర్ర మాత్రం నలభై ఒక్క ఏళ్ళుగా మా తాతది.

నెబ్రాస్కాలో మా వైపు గాలి ఎక్కువ. బంతి విసిరితే ఒక్కోసారి పక్కనున్న మొక్కజొన్న చేలో వెతుక్కోవాలి. అందుకని అందరూ బంతిని చంకలో ఇరికించుకుని, మనుషుల్ని గుద్దుకుంటూ, మూడు గజాలూ నాలుగు గజాలూ పరిగెత్తడమే ఆట అనుకుంటారు. ఆ పరుగును అడ్డుకోవడం చేతకాని జట్టు మిగతావన్నీ ఎంత బాగా చేసినా లాభం లేదు. పోయినేడు మా జట్టు సరిగ్గా అలాంటిదే. ఒక్కో ఆటలో అవతలివాళ్ళు మూడేసి వందల గజాలు మా మీదుగా పరిగెత్తి పోయారు.

తాత ఎప్పుడూ ఆడలేదు. ఆయన బడిలో ఉన్న రోజుల్లో వాళ్ళ నాన్నకు పాడి ఉండేది. ఆవులకు శుక్రవారమని తెలియదు కదా, సాయంత్రం అయిదింటికి పాలు పితకాల్సిందే. జట్టుకు సరిపోయే భుజాలుండీ నాలుగేళ్ళూ ఆవుల దగ్గరే గడిపాడు. పెద్దయ్యాక కౌంటీ వాళ్ళ మట్టిరోడ్లు చదును చేసే యంత్రం మీద ముప్పై ఏళ్ళు కూర్చున్నాడు. ఊళ్ళో పదవులంటూ ఆయనకు దొరికినది ఒక్కటే, ఈ కర్ర. అంతకుముందు దాన్ని పట్టుకున్నాయన తుంటి విరగ్గొట్టుకుంటే ఎవరో తాతను పిలిచారు. అప్పటినుంచి ఒక్క ఆట మానలేదు. మా నాన్న పుట్టిన కబురు కూడా మైదానం లౌడ్ స్పీకరులోనే విన్నాడు. విని కూడా నవ్వలేదు. గొలుసు మనిషి అవతలి జట్టువాళ్ళ మధ్యన నిలబడాలి, ఎవరి పక్షమూ పలకకూడదు, చప్పట్లు కొట్టకూడదు, అదీ నియమం. "కొడుకు పుడితే నవ్వకూడదని ఏ పుస్తకంలో ఉందయ్యా," అని నాయనమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

శుక్రవారం మింగినదంతా ఆయన శనివారం పొద్దున మార్లీన్ హోటల్లో కక్కుతాడు. కాఫీ, గసగసాలు కూరిన కొలాచీ బన్ను ముందు పెట్టుకుని, మూడు గజాల దూరంనుంచి చూసినవాడిగా తీర్పులు చెప్తాడు. ఎవడి కాలు ఎక్కడ జారిందో, ఎవడు ఎవణ్ణి చూసి బెదిరాడో. దగ్గర నిలబడి చూసిన మనిషి కాబట్టి ఊరు ఆ మాటే పట్టుకుంటుంది. ఆ తీర్పుల్లో ఒకటి గ్యారెట్ ష్వాబ్ మీద పడింది.

గ్యారెట్ మా జట్టులో నడిమధ్య నిలబడేవాడు. పరిగెత్తుకొచ్చేవాణ్ణి ఎదురెళ్ళి పడగొట్టడం అతని పని. పోయినేడు చివరి ఆట మా మైదానంలోనే, ఓక్‌ఫీల్డ్ ఊరి జట్టు మీద. గెలిస్తే ముందుకు పోతాం, ఓడితే ఇంటికి. మేము నాలుగు పాయింట్లు ముందున్నాం. వాళ్ళకు నాలుగో అవకాశం, ఇంకా రెండు గజాలు కావాలి. వాళ్ళ కుర్రాడు నేరుగా గ్యారెట్ మీదికి వచ్చాడు. గ్యారెట్ పట్టుకున్నాడు, ఇద్దరూ పడ్డారు. గొలుసు తెప్పించి కొలిచారు. బంతి ముక్కు కర్రను దాటి రెండు వేళ్ళ మందం ముందుకుంది. అవకాశం వాళ్ళదే అయింది. ఆ తర్వాత రెండు పరుగుల్లో వాళ్ళు గెలిచేశారు.

మర్నాడు హోటల్లో తాత, "ఆ నడిమధ్య దిష్టిబొమ్మను నిలబెట్టినా రెండు వేళ్ళు ఆపి ఉండేది," అన్నాడు. సాయంత్రానికి ఊరంతా ఆ మాటే. మార్చిలో గ్యారెట్ ఇక ఆడనని చెప్పేశాడు. బడిలో ఇంకా ఒక ఏడు మిగిలి ఉంది.

ఇప్పుడు షెడ్డులో కూర్చున్న తాత కళ్ళముందు ఉన్నది ఆ రెండు వేళ్ళే. గొలుసు సరిగ్గా ఉండి ఉంటే కర్ర ఇంకో జానెడు ముందుండేది. బంతి దానికి ఆరేడంగుళాలు ఇవతలే ఆగి ఉండేది.

నాయనమ్మ వ్లాస్టా చేతికంటిన పిండి దులుపుకుంటూ వచ్చి, గొలుసు చూసి, తాతను చూసి, "ఎక్కడ పోగొట్టావు?" అంది.

తాత నెమ్మదిగా చెప్పాడు. పోయిన ఆగస్టులో గొలుసు తుప్పుపట్టి తెగింది. బడివాళ్ళు కొత్తది కొంటామన్నారు. ఈయనే వద్దన్నాడు, కొట్లో దొరికేవి రేకుముక్కలని. తుప్పుపట్టిన లింకులు కోసి పారేసి, మధ్యలో ఒక ఇనుప రింగు వేసి బిగించాడు. "రింగు వేశాను కదా, సరిపోయిందనుకున్నాను," అన్నాడు.

"అనుకున్నావు. కొలవలేదు."

"నేను కట్టింది నేనే కొలుచుకోవడమేంటే?"

నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. పోయినేడంతా గొలుసు మైదానం మీది సున్నపు గీతలతో కలవలేదు. వెనక కర్ర ఒక గీతమీద పెడితే ముందు కర్ర ఇంకో గీతకు అందేది కాదు. గీతలు గీసేది తాత చిన్ననాటి స్నేహితుడు డెల్మర్ హాస్. రిఫరీ ఒకసారి అడిగితే తాత చేయి చూపించి, "గీతలు వంకర. డెల్మర్‌కు చూపు ఆనడం లేదు," అన్నాడట. డెల్మర్ కొత్త టేపు కొన్నాడు, తాళ్ళు మార్చాడు, తెల్లవారుజామున లేచి మూడుసార్లు మైదానం మొత్తం తిరిగి గీశాడు. అయినా కలవకపోతే డిసెంబరులో వెళ్ళి రెండు కళ్ళకీ ఆపరేషన్ చేయించుకున్నాడు.

"డెల్మర్ కళ్ళు," అన్నాను.

తాత మొహం చేతుల్లో దాచుకున్నాడు.

ఆయన్ని అలా చూడలేక నేను అడ్డదారి చెప్పాను. "జానెడు ముక్క నేను తెచ్చి అతికించేస్తా తాతా. ఆటలు మొదలవడానికి ఇంకా రెండు వారాలుంది. ఎవరికీ తెలియదు."

తాత చేతులు తీసి నావైపు చూశాడు. ఆ చూపులో ఆశ కనిపించింది, అబద్ధమెందుకు. కర్ర నిలబడుతుంది, నలభై రెండో ఏడు మొదలవుతుంది. నిజం చెబితే రెండూ పోతాయి. మా ఊరు ఎన్నో సహిస్తుంది కానీ తప్పుడు కొలత సహించదు. ఇక్కడ అందరూ ధాన్యం తూకం వేయించుకుని బతికేవాళ్ళే.

నాయనమ్మ మాత్రం, "గొలుసుకు అతికిస్తారు సరే. ష్వాబుల పిల్లాణ్ణి అన్నమాటకు ఏం అతికిస్తారు?" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా తాత సరిగ్గా తినలేదు. గొలుసును తీసుకెళ్ళి మంచం కింద పెట్టుకున్నాడు. నేను ఎంత గిల్లినా తిరిగి తిట్టలేదు, అది నన్ను మరీ భయపెట్టింది.

గురువారం సాయంత్రం ఆరింటికి బడి భోజనాల గదిలో జట్టు అభిమానుల సభ. ఏటా ఆటలు మొదలయ్యే ముందు ఇది జరుగుతుంది. ఎనభై మంది దాకా వచ్చారు. కొత్త కోచ్ పెల్టన్ కాన్సస్ నుంచి వచ్చినవాడు, సన్నగా, పొడవుగా, ఎప్పుడూ చేతిలో నోటుపుస్తకంతో ఉంటాడు. అతను బోర్డుమీద పదకొండు గుండ్రాలు గీసి, మధ్యలో ఒకటి చెరిపేసి, "మన బాధ ఇదీ. ముందు వరస పరవాలేదు. దాని వెనక మధ్యలో ఖాళీ. అక్కడ నిలబడటానికి నా దగ్గర ఇద్దరున్నారు. ఒకడికి పద్నాలుగేళ్ళు. రెండోవాడు మనిషి మీద పడాలంటే ముందు క్షమించమని అడిగేలా ఉన్నాడు," అన్నాడు.

నవ్వారు. వెనకనుంచి ఎవరో, "ష్వాబుల కుర్రాడు ఏమన్నాడు?" అని అడిగారు.

"రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. రానన్నాడు."

"రాకపోతేనే నయం," అంది సభకు అధ్యక్షురాలు నార్మా క్రూగర్. పశువుల దాణా కొట్టు ఆమెది. "ఓక్‌ఫీల్డ్ ఆట చూశాం కదా. లాడీ అన్నట్టు, దిష్టిబొమ్మ నయం."

అందరూ తాత వైపు తిరిగారు. ఏదో చమత్కారం వస్తుందని. తాత లేచాడు. రెండు కర్రలూ గొలుసూ చుట్టి ఒక గోనెసంచిలో తెచ్చుకున్నాడని నాకప్పటిదాకా తెలియదు. సంచి విప్పి బల్లమీద పెట్టాడు. గొలుసు గలగలమంది.

"ఇది జానెడు తక్కువ," అన్నాడు. "నేనే తక్కువ చేశాను. పోయిన ఆగస్టులో బాగుచేసినప్పుడు. కొలవలేదు. పోయినేడు మన మైదానంలో జరిగిన ప్రతి ఆటా దీంతోనే జరిగింది. ఓక్‌ఫీల్డ్ మీద ష్వాబుల కుర్రాడు ఆపాడు. సరైన గొలుసైతే ఆపినట్టే."

నాలుగువైపులా ఒక్కసారి మాటలు లేచాయి. అంటే మనం గెలిచేవాళ్ళం. అంటే ముందుకు పోయేవాళ్ళం. అంటే పరుగు ఆపలేకపోవడం కుర్రాళ్ళ తప్పు కాదు, గొలుసు తప్పు. క్షణంలో ఆ గదిలో సంతోషంలాంటిది పుట్టింది. ఏడాదిగా తిన్న అవమానానికి ఒక కారణం దొరికింది కదా.

దాన్ని కోచ్ పెల్టన్ పాడుచేశాడు. అతను వేసవంతా పోయినేటి వీడియోలు చూశాడు. నోటుపుస్తకం తిప్పుతూ, "ఒక్క నిమిషం," అన్నాడు. "ఇక్కడ గొలుసు తెప్పించి కొలిచింది పదకొండు సార్లు. అందులో జానెడు లోపల తేలినవి ఆరు." వేలు పెట్టి ఒక్కొక్కటే చూసుకున్నాడు. "రెండు వాళ్ళకు కలిసొచ్చాయి. నాలుగు మనకి."

"మనకా?" అంది నార్మా.

"మనకే. గొలుసుకు పక్షపాతం ఉండదండి. అందులో ఒకటి ఫ్రేసర్ ఆట, ఆఖరి నిమిషం."

ఫ్రేసర్ మా పక్క ఊరు. పదమూడేళ్ళుగా మమ్మల్ని ఓడిస్తున్నారు. పోయినేడు మొదటిసారి మేం గెలిచాం. ఆ ఒక్క గెలుపుకు హైవే పక్కన బోర్డు పెట్టారు, మార్లీన్ హోటల్లో ఆ రోజు ఆట ఫొటో వేలాడుతోంది, ఒకాయన తన కొత్త దూడకు ఆ స్కోరు పేరుగా పెట్టాడు. ఆ గెలుపు కూడా జానెడు గొలుసుదే.

"పరుగు మాటకొస్తే," అని కోచ్ మళ్ళీ మొదలుపెట్టాడు, ఎవరూ అడగకపోయినా. "ఆటకు మూడు వందల గజాలు ఇచ్చాం. జానెడుకూ దానికీ సంబంధం లేదు."

ఇంతవరకూ మా తాతను జాలిగా చూసినవాళ్ళ మొహాలు నా కళ్ళముందే మారిపోయాయి. గ్యారెట్‌కు అన్యాయం జరిగిందంటే ఓర్చుకోగలరు. ఫ్రేసర్ గెలుపు పోయిందంటే ఓర్చుకోలేరు. వెనక బల్ల దగ్గర ఒకాయన, "మాట్లాడకుండా ఊరుకుంటే ఏం పోయింది నీకు, లాడీ?" అన్నాడు. అతని గొంతులో కోపం కంటే ఏడుపే ఎక్కువ.

"పోయింది," అన్నాడు తాత.

నార్మా గొంతు సవరించుకుంది. "బడి కొత్త గొలుసు కొంటుంది. ముందు కర్రకు ఇంకొకరిని చూసుకోవాలి. ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

ఎవరికీ లేదు. నాకుంది, కానీ నాకు ఓటు లేదు. తాత తలూపి, కర్రను బల్లమీదనుంచి తీసి నార్మా చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక చీపురులా పట్టుకుంది.

అప్పుడు మూడో వరసలోంచి డెల్మర్ హాస్ లేచాడు. కొత్త కళ్ళజోడు సరిచేసుకుని, అందర్నీ ఒకసారి చూసి, "అంటే నా గీతలు వంకర కాదన్నమాట," అన్నాడు.

"కాదు రా డెల్మర్," అన్నాడు తాత.

"నేను రెండు కళ్ళూ కోయించుకున్నాను రా."

"తెలుసు రా."

"డాక్టరు అప్పుడే చెప్పాడు, చూపు బానే ఉంది కదా ఎందుకొచ్చారని. నేనే పట్టుబట్టి చేయించుకున్నాను. ఫుట్‌బాల్ గీతలండీ, ఊరి పరువండీ అని బతిమాలాను." డెల్మర్ కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. "నలభై ఏళ్ళలో ఒక్క గీత అంగుళం తప్పలేదు. అది ఎవరైనా రాసుకోండి."

ఎవరూ రాసుకోలేదు.

శుక్రవారం పొద్దున తాత నన్ను ష్వాబుల పందుల షెడ్డు దగ్గరికి బండి తీయమన్నాడు. దారంతా పెదవులు కదుపుతూ ఏదో సాధన చేశాడు. మేం వెళ్ళేసరికి గ్యారెట్ నీళ్ళ గొట్టంతో ట్రెయిలరు కడుగుతున్నాడు. మమ్మల్ని చూసి నీళ్ళు కట్టలేదు.

"బాబూ, నీతో ఒక మాట," అన్నాడు తాత.

"విన్నానండీ. నిన్న సాయంత్రమే పద్నాలుగు మంది ఫోన్లు చేశారు."

తాత సాధన చేసినదంతా అక్కడే ఎగిరిపోయింది. "నువ్వు ఆపావు. అది చెబుదామని వచ్చాను."

"ముందు నాకు చెప్పి ఉండాల్సింది, లాడీ తాతా. సభకు చెప్పేముందు."

తాత తెల్లబోయాడు. అది ఆయనకు తట్టనే లేదని ఆ మొహంలో తెలిసిపోయింది. నాకూ తట్టలేదు.

"నిజమే," అన్నాడు చివరికి. "ముందు ఇక్కడికే రావాల్సింది."

గ్యారెట్ నీళ్ళు కట్టేశాడు. "ఆ దిష్టిబొమ్మ మాట మీదేనా?"

"నాదే."

"మా చెల్లెలి డెస్కులో రోజూ గడ్డి పెట్టేవాళ్ళు. మీ అన్నయ్య పొట్టలో కూరడానికి అని. అది మూడో తరగతి."

తాత తన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తొమ్మిది నెలలుగా ఆ ఆట మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను," అన్నాడు గ్యారెట్. మాతో కాదు, ట్రెయిలరుతో మాట్లాడుతున్నట్టు. "ఎడమకాలు ముందు పెట్టాల్సింది, కుడికాలు పెట్టాను, అందుకే పోయిందనుకున్నాను. చాలా తేలిగ్గా ఉండేది తెలుసా, తప్పు నాదే అనుకుంటే. ఇప్పుడు కాదంటున్నారు. మరి ఆ కాలి సంగతి ఏం చెయ్యను నేను?"

"కుడికాలే సరైంది," అన్నాడు తాత. "నేను మూడు గజాల దూరంలో ఉన్నాను. ఎడమకాలు పెట్టి ఉంటే వాడు పక్కనుంచి పోయేవాడు."

"ఆ రోజు హోటల్లో అలా చెప్పలేదు మరి."

"చెప్పలేదు. కర్ర చెప్పినదాన్ని నమ్మి, కళ్ళు చూసినదాన్ని వదిలేశాను."

గ్యారెట్ గొట్టం మళ్ళీ తిప్పి కడగడం మొదలుపెట్టాడు. మేం వచ్చేశాం. క్షమించానని అనలేదు, పొమ్మనీ అనలేదు. బండిలో తాత, "మంచి పిల్లాడు," అన్నాడు. "నీకంటే నయం," అన్నాను, ఆయన మళ్ళీ నన్ను తిట్టేలా చెయ్యాలని. తిట్టలేదు.

సోమవారం గ్యారెట్ సాధనకు వచ్చాడని డెల్మర్ ఫోన్ చేసి చెప్పాడు. కోచ్ కారణం అడిగితే, "పనిలేక," అన్నాడట.

మొదటి ఆట ఫ్రేసర్ మీద, మా మైదానంలోనే. కొత్త గొలుసు వచ్చింది. ముందు కర్ర బ్యాంకులో పనిచేసే ఒక కుర్రాడికిచ్చారు. తాత ఇంట్లోనే కూర్చుంటానన్నాడు. నాయనమ్మ ఆయన కోటు తీసుకెళ్ళి మోటారు సైకిలు మీద పెట్టి, "వెనక కూర్చో, లేదా నడిచిరా," అంది. నలభై ఒక్క ఏళ్ళ తర్వాత మా తాత మైదానానికి మోటారు సైకిలు వెనక, నాయనమ్మ నడుము పట్టుకుని వచ్చాడు. ఊరు చూసింది. నేను ఫొటో కూడా తీశాను.

ఎండ ఇంకా ఉంది. మెట్లమీద మా వరసలో తాత, నాయనమ్మ, నేను, డెల్మర్. ముందున్న రెండు వరసలవాళ్ళు తాతను చూసి తల తిప్పుకున్నారు. తాత తన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి మోకాళ్ళ మీద, ఒకసారి చంకల్లో పెట్టుకున్నాడు. అప్పుడు ఫ్రేసర్ బస్సులు వచ్చాయి. వాళ్ళు దిగి అవతలి మెట్లెక్కుతుంటే మాకు ముందు అర్థం కాలేదు. ఎండలో ఏవో పసుప్పచ్చగా మెరుస్తున్నాయి. వాళ్ళందరి చేతుల్లోనూ కొలత టేపులు. ముసలివాళ్ళు, పిల్లలు, పాస్టరుగారు కూడా. టేపులు గాలిలోకి సాగదీసి ఊపుతూ, "కొలవండి, కొలవండి," అని పాటలా అందుకున్నారు.

మా వైపు మెట్లన్నీ బిగుసుకుపోయాయి. నార్మా తాత వైపు తిరిగి చూసిన చూపుకు పాలు విరిగిపోతాయి. డెల్మర్ మెల్లగా, "మంచి రకం టేపులే. అలాంటిదే నేనూ కొన్నాను," అన్నాడు.

ఆట మొదలైంది. మొదటి బంతి ఫ్రేసర్‌దే. గ్యారెట్ నడిమధ్య నిలబడ్డాడు, చేతులు మోకాళ్ళ మీద ఆనించి, కదలకుండా. వాళ్ళ పెద్ద కుర్రాడు బంతి చంకలో పెట్టుకుని నేరుగా మధ్యకే వచ్చాడు. గ్యారెట్ ఎదురెళ్ళాడు. గుద్దుకున్న చప్పుడు మెట్ల పైదాకా వచ్చింది. ఆ కుర్రాడు తూలాడు, గ్యారెట్ చేతులు జారాయి, ఫ్రేసర్ కుర్రాడు తూలుతూనే నిలదొక్కుకుని, ఖాళీ మైదానంలో యాభై ఎనిమిది గజాలు పరిగెత్తి, గీత దాటి, బంతి నేలమీద పెట్టాడు.

అవతలివైపు పాట ఆగిపోయింది. అంత తేలిగ్గా పోతుందని వాళ్ళూ అనుకోలేదు. కోచ్ పెల్టన్ నోటుపుస్తకం నోటిదగ్గర పెట్టుకుని కొరుకుతున్నాడు. మైదానం మధ్యలో గ్యారెట్ ఇంకా చేతులమీద, మోకాళ్ళమీద ఉన్నాడు.

కంచె దగ్గరున్న ఫ్రేసర్ మనిషి ఒకడు టేపు ఊపుతూ, "లాడీ, ఇది కొలవాలా?" అని అరిచాడు.

"దానికి నీ టేపు చాలదు," అన్నాడు తాత. మా వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. నార్మానే అనుకుంటాను.

ముందు వరసలవాళ్ళు తిరిగారు. వారం తర్వాత మొదటిసారి తాత మొహంలోకి చూశారు. అలవాటు ఎక్కడికి పోతుంది. నలభై ఒక్క ఏళ్ళుగా ఇలాంటి పరుగు జరిగిన ప్రతిసారీ ఈ మనిషే తేల్చి చెప్పేవాడు, ఎవడి కాలు, ఎవడి భుజం, ఎవడి భయం. దాణా కొట్టు నార్మా కూడా ఎదురుచూస్తోంది.

"చెప్పు రా లాడీ," అన్నాడు డెల్మర్. "ఎక్కడ పోయింది?"

మా తాత చూపు నా చూపుకంటే పదును. మైలు దూరంలో రోడ్డుమీద వచ్చే బండి ఎవరిదో చెప్పేస్తాడు. గ్యారెట్ ఏ కాలు ముందు పెట్టాడో, ఎక్కడ జారాడో ఆయన చూడకుండా ఉండే వీలే లేదు. మైదానంలో గ్యారెట్ లేచి, మోకాలు దులుపుకుని, తన చోటికి నడుస్తున్నాడు. తాత అతను అక్కడికి చేరేదాకా చూశాడు.

"ఇక్కణ్ణుంచి నాకు సరిగ్గా కనపడలేదు," అన్నాడు.